బస్తర్ బాటపై ఓడిన ఉక్కు కవచం

రెండో ప్రపంచ యుద్ధానంతరం ఉక్కుకు కటకటలాడిన బ్రిటన్, అల్యూమినియం మిశ్రమలోహపు రేకులతో ఒక మోటు బండిని తయారుచేసి 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో నిలిపింది. అదే లాండ్ రోవర్. రైతుల కోసం ఉద్దేశించిన ఆ వాహనానికి 1957లో డీజిల్ ఇంజను కూడా వచ్చింది. రోడ్డు లేని చోటికీ పోగలదన్న పేరుతో అది అనేక దేశాల సైన్యాలలో స్థానం సంపాదించింది. 2008లో ఆ సంస్థ టాటాల వశమైంది.

అయితే దారి లేకపోవడం ఒక సమస్య; దారి కిందనే మందుపాతర పొంచి ఉండటం వేరొక సమస్య. ఉత్తర ఐర్లండ్ వీధులలో గస్తీకని 1992లో ప్రవేశపెట్టిన ‘స్నాచ్’ లాండ్ రోవర్లను, తరువాత డీజిల్ ఇంజన్లు అమర్చి, బ్రిటన్ ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లకు పంపింది. వాటిలో కనీసం 37 మంది సైనికులు మరణించారు. ‘కదిలే శవపేటికలు’ అన్న పేరు వాటికి స్థిరపడింది. బదులు వాహనాలు సమకూర్చడంలో జరిగిన జాప్యాన్ని 2016లో చిల్కాట్ విచారణ సంఘం ఎత్తిచూపగా, మరుసటి ఏడాది రక్షణమంత్రి మైకేల్ ఫాలన్ మృతుల కుటుంబాలకు క్షమాపణ చెప్పారు.

ఇటు బస్తర్ అడవులలో మావోయిస్టులను ఎదుర్కొనే బలగాలకు మెరుగైన వాహనమే లభించింది. అడుగుభాగం ‘వి’ ఆకారంలో ఉంటే పేలుడు ధాటి పక్కలకు చెదిరిపోతుందన్నది దక్షిణాఫ్రికా ‘కాస్పిర్’ సూత్రం. ఆ నమూనాను అనుసరించి నాటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం మందుపాతర నిరోధక వాహనాలను నిర్మించింది. కాని కాస్పిర్ తట్టుకోగలిగేది ఇరవై కిలోల ప్రాంతపు పేలుడును మాత్రమే. మావోయిస్టులు అంతకు రెట్టింపు, ఆపైన కూడా పాతిపెట్టారు. అంతటి పేలుడుకు ఉక్కు చీలనక్కరలేదు. బండి గాలిలోకి ఎగిరిపడితే చాలు, లోపలివారి వెన్నెముకలు విరుగుతాయి, తలలు పైకప్పుకు కొట్టుకుంటాయి. 2005 సెప్టెంబర్ 3న బీజాపూర్ వద్ద అటువంటి వాహనాన్నే పేల్చివేయగా 24 మంది చనిపోయారు. 2018 మార్చి 13న తెలంగాణ సరిహద్దుకు చేరువలోని కిష్టారం వద్ద తొమ్మిది మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు బలయ్యారు.

ఇందుకు విరుగుడు కాలినడకే. ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ దళాలు ముందే నేర్చిన ఈ పాఠాన్ని బస్తర్ బలగాలూ అనుసరించాయి. మోటారు సైకిళ్లూ వాడాయి. కాని రోజుల తరబడి గాలింపు జరిపి అలసిన మనిషి తిరుగు ప్రయాణంలో బండి ఎక్కకుండా ఉండగలడా? పక్కా రోడ్డు వేస్తే పాతర పెట్టడం కష్టమన్న ఆశ ఒకటి ఉండేది. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు సమీపంలో ఆ ఆశ కూడా వమ్మయింది. గాలింపు ముగించుకుని మామూలు వాహనంలో వస్తున్న ఎనిమిది మంది డి.ఆర్.జి. జవాన్లు మరణించారు. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ వద్ద పది మంది జవాన్లు పోయింది కూడా ఇటువంటి బండిలోనే.

స్టీరింగు పట్టిన డ్రైవరు ఒకడు రెండు చోట్లా వారితోపాటే పోయాడు. ఇద్దరూ పౌరులే.