మూట మోస్తేనే రాజమౌళి
గోదావరి గట్టు మనిషి కొజిమా ఆటలోకి వెళ్లిన కథ

ఈ కాలపు వీడియో గేముల్లో మరపురాని ఘట్టాలు. ఎడిటర్ ఇచ్చిన అంశం ఇది, గడువు శుక్రవారం సాయంత్రం. జాబితా వేయడానికి కూర్చుంటే ఒక ఘట్టం మిగతావాటన్నిటినీ పక్కకు నెట్టేసింది. దానికి రెండు కారణాలు. అందులో మన గోదావరి గట్టు మనిషి ఉన్నాడు. అంతకంటే ముఖ్యంగా, ఆ ఘట్టం దాకా వెళ్లాలంటే నది దాటాలి.

'డెత్ స్ట్రాండింగ్ 2: ఆన్ ది బీచ్' 2025 జూన్ 26న ప్లేస్టేషన్ 5లో విడుదలైంది. జపాన్‌కు చెందిన హిడియో కొజిమా దర్శకత్వంలో వచ్చిన ఆట. లోకం చెదిరిపోయింది, మిగిలిన మనుషులు నేల కింద గూళ్లలో తలదాచుకున్నారు. వాళ్లకు కావలసిన సరుకు వీపున కట్టుకుని కాలినడకన చేరవేసేవాడు సామ్. ఆటలో మనమే సామ్. ఆస్ట్రేలియా భాగంలో అలా ఒక ఆశ్రయం ముందు పెట్టెలు దించితే పలకరించే మనిషి ముఖం ఎస్.ఎస్. రాజమౌళిది. ఆటలో ఆయన పేరు 'అడ్వెంచరర్', అంటే సాహసి. ఆయన కొడుకు పాత్రకు ముఖం ఇచ్చింది సొంత కొడుకు కార్తికేయే.

ఈ వార్త వచ్చినప్పుడు మన దగ్గర 'హాలీవుడ్ స్థాయి', 'అరుదైన గౌరవం' అంటూ శీర్షికలు హోరెత్తాయి. ఆ హోరులో ఆట మాట వెనకబడింది. ముఖం కనిపించే స్క్రీన్‌షాట్ ఒకటి పంచుకుని వదిలేశారు. ఆ ముఖం దగ్గరికి ఎలా వెళ్లాలో రాసినవాళ్లు తక్కువ. నాకు ముచ్చటగా అనిపించింది ఆ దారే.

ముందు ఫొటో సంగతి. 2022 అక్టోబరులో 'ఆర్‌ఆర్‌ఆర్' విడుదల కోసం రాజమౌళి జపాన్ వెళ్లారు. అప్పుడే కొజిమా ప్రొడక్షన్స్ స్టూడియోకూ వెళ్లారు. ఆ భేటీ ఫొటోలను కొజిమా స్వయంగా బయటపెట్టారు. అందులో ఒకటి నన్ను పట్టి ఆపింది. అన్ని వైపుల నుంచీ కెమెరాలు, వాటి నడుమ రాజమౌళి. నటులకు కోణం, వెలుగు, చూపు చెప్పే దర్శకుడు అక్కడ కొలతలు ఇచ్చే మనిషిగా ఉన్నారు. ముఖాన్ని స్కాన్ చేసే ఈ పద్ధతిలో కెమెరాలన్నీ ఒకే క్షణంలో ముఖాన్ని తీస్తాయి. ఆ చిత్రాల్లో కలిసే బిందువులను పట్టుకుని కంప్యూటర్ ముక్కు ఎత్తు, కంటి గుంట లోతు లెక్కగట్టి ముఖాన్ని మూడు కొలతల బొమ్మగా కడుతుంది. ఆ అక్టోబరు ఫొటోకు, ఆటలో ఆ ముఖం కనిపించడానికి మధ్య రెండున్నరేళ్లకు పైగా గడిచింది.

కొజిమాకు ఇది పాత అలవాటు. తనకు ఇష్టమైన సినిమా దర్శకుల ముఖాలను ఆటలో పెడతారు. మొదటి భాగంలో గియెర్మో దెల్ తోరో, నికోలస్ వైండింగ్ రెఫ్న్ కనిపిస్తారు. వాళ్లకు రూపం మాత్రమే సొంతం, గొంతు వేరేవాళ్లది. రెండో భాగంలో 'మ్యాడ్ మ్యాక్స్' జార్జ్ మిల్లర్, జర్మనీ దర్శకుడు ఫాతిహ్ అకిన్ చేరారు. ఆ వరసలోనే కొవ్వూరు మూలాలున్న మనిషి. చిన్నప్పుడు అమర్ చిత్రకథలు చదివి కథల పిచ్చి పట్టిందని చాలాసార్లు చెప్పుకున్న మనిషి.

ఇక నది. ఈ ఆటలో బరువు అంకె కాదు, ఒంటి మీద తెలుస్తుంది. మూట ఎత్తు పెరిగితే సామ్ తూలతాడు. కంట్రోలర్ ఎడమ బటన్ నొక్కితే ఎడమ పట్టీని, కుడి బటన్ నొక్కితే కుడి పట్టీని బిగించి పట్టుకుంటాడు. ధాన్యం బస్తా ఎత్తుకున్న ముఠా కూలీ నడుమును సర్దుకున్నట్టే ఉంటుంది. ఏటి ఒడ్డుకు రాగానే భుజం మీది స్కానర్ నీటిని కొలిచి గుర్తులు పెడుతుంది. నీలం అయితే నడవచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే కొట్టుకుపోతావు. ఒంట్లో సత్తువ అయిపోతే కాళ్లు తేలిపోతాయి, పెట్టెలు విడిపోయి ప్రవాహంలో పడతాయి. వాటి వెంట ఈదడమే మిగులుతుంది.

రెండో భాగంలో ఇంకో మెలిక పెట్టారు. వాన పడితే నది పొంగుతుంది. వెళ్లేటప్పుడు నీలం చూపిన రేవు తిరిగొచ్చేసరికి ఎరుపెక్కవచ్చు. గోదావరి వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది వింటూ పెరిగినవాళ్లకు ఆ రంగుల భాష ఎవరూ నేర్పక్కర్లేదు. లంక గ్రామాల పిల్లలు ఈ ఆట ఆడితే బయటివాళ్ల కంటే ముందే ఒడ్డు మార్చుకుంటారని నా గట్టి నమ్మకం.

దాటలేనప్పుడు వంతెన వేయాలి. నేను ఈ ఆటను ప్రేమించింది ఇక్కడే. మనం వేసిన వంతెన మన ఆటతో ఆగదు. ఎక్కడో తెలియని దేశంలో ఆడుతున్న ఇంకొకరి నది మీద కూడా అది ప్రత్యక్షం కావచ్చు. వాళ్లు దాటి ఒక 'లైక్' ఇచ్చి వెళ్తారు. వాళ్లను మనం చూడం, మాట్లాడం. రోడ్డయితే ఒక్కరి వల్ల అయ్యేది కాదు, తలా కొంత లోహం, పింగాణీ తెచ్చి పోస్తే పడుతుంది. తాకినదాన్నల్లా ముసలిదాన్ని చేసే వాన ఆ వంతెనల్ని తినేస్తుంటుంది, ఎవరో ఒకరు బాగుచేస్తుంటారు. మనుషుల్ని చంపి పాయింట్లు దండుకునే ఆటల మధ్య, అపరిచితుడికి దారి వేసినందుకు మెప్పు ఇచ్చే ఆట ఇది.

రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి మీద రైలు వంతెన 1900లో వచ్చింది, అదే హేవ్‌లాక్ వంతెన. రోడ్డు మీద దాటడానికి 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 1997లో ఆర్చి వంతెన వచ్చి హేవ్‌లాక్‌కు విశ్రాంతినిచ్చింది. 2015లో నాలుగోది. ఇన్ని వంతెనల ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబం ముఖాలు వంతెనలు కట్టే ఆటలోకి చేరడం కాకతాళీయమే. అయినా నాకు అది ఎంతో నచ్చింది.

ఒక్కటి మాత్రం మింగుడుపడదు. ఈ ఆటలో తెలుగు లేదు. మాటల్లో లేదు, కింద పడే అక్షరాల్లోనూ లేదు. మన దర్శకుడి ముఖం ఉంది, ఆ ముఖం ముందు నిలబడ్డ తెలుగు పిల్లవాడికి ఏం చెబుతున్నారో ఇంగ్లిష్‌లోనే తెలియాలి. జపాన్ ప్రేక్షకులు 'ఆర్‌ఆర్‌ఆర్'ను తమ భాష అక్షరాలతో చూసి నెత్తిన పెట్టుకున్నారు. ఆ మర్యాద తిరుగు దారిలో రాలేదు. గౌరవం అంటూ పండగ చేసుకున్న మనం ఆ మాట అడగనూ లేదు. అడగాలి.

ఇక వీడియో గేముల చరిత్ర, అందులో కొజిమా దారి గబగబా చెప్పాలంటే: 1972లో అటారీ 'పాంగ్', 1985లో నింటెండో 'సూపర్ మారియో బ్రదర్స్'. 1987లో కొనామి సంస్థలో ఉండగా కొజిమా 'మెటల్ గేర్' చేశారు, పోరాడటం కంటే దాక్కోవడం ముఖ్యమైన ఆట. 2015లో కొనామిని వదిలి సొంత సంస్థ పెట్టారు. 2019 నవంబరు 8న మొదటి 'డెత్ స్ట్రాండింగ్' వచ్చింది. కొద్ది నెలలకే కరోనా వచ్చి, ఇళ్లలో మూసుకున్న జనం, గుమ్మం ముందు పెట్టె దించి వెళ్లే మనిషి నిజమయ్యారు.

జాబితాలో మిగిలినవి

'మెటల్ గేర్ సాలిడ్' (1998)లో సైకో మాంటిస్ అనే శత్రువు మన మెమరీ కార్డు చదివి ఇంతకుముందు ఏ ఆటలు ఆడామో చెప్పేస్తాడు. వాడిని ఓడించాలంటే కంట్రోలర్ తీగను రెండో రంధ్రంలోకి మార్చాలి. 'మెటల్ గేర్ సాలిడ్ 3' (2004)లో పొడవాటి నిచ్చెన, ఎక్కుతున్నంతసేపూ వినిపించే పాట. 'జర్నీ' (2012)లో దారిలో తోడయ్యే మనిషి నిజంగా ఇంకో ఆటగాడే, పేరు మాత్రం అంతా అయ్యాకే తెలుస్తుంది.

నెట్ సెంటర్ రోజులు

మన ఊళ్లలో గంట లెక్కన డబ్బు కట్టి ఆడిన తరానికి 'ఐజీఐ' పేరు చాలు. 2000లో నార్వే సంస్థ ఇన్నర్‌లూప్ చేసింది. యుద్ధవిమానాల ఆట కోసం రాసుకున్న ఇంజిన్ మీద కట్టారు, అందుకే అంత విశాలమైన మైదానాలు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. చివరి గేటు దగ్గర చచ్చినా మళ్లీ మొదటి నుంచే. గంట అయిపోయేలోపు ఒక్క మిషన్ గట్టెక్కితే అదే పండగ. ఇప్పటి పిల్లలది ఫోన్ తరం. వాళ్లు ఫోన్లో ఆడిన పబ్‌జీపై మన దేశంలో 2020 సెప్టెంబరు 2న నిషేధం పడింది, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

రెండో భాగం మొదట ప్లేస్టేషన్ 5లోనే వచ్చింది, అది అందరికీ అందే ఖర్చు కాదు. మొదటి భాగం 2020 జులై నుంచి పీసీలో దొరుకుతోంది. అందులో రాజమౌళి లేరు. బరువు, నది, అపరిచితుల వంతెనలు అన్నీ ఉన్నాయి. మొదటి రెండు మూడు గంటలు సాగదీతగా అనిపిస్తుంది, అక్కడ వదిలేయకండి.