మూడు నగరాలు, అరవై జతల బూట్లు

జర్మనీలో డ్రెస్డెన్‌లో చదువుకుంటున్న నాకు ఈస్టరు సెలవులు వచ్చాయి. విద్యార్థి జేబు గనుక విమానం మాట తలపెట్టక, ఎల్బే నది వెంట రైల్లో ప్రాగ్ చేరాను.

అక్కడ 1410 నాటి గడియారం ముందు గంట గంటకూ జనం మూగుతారు. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం దగ్గరలోని పింకాస్ అనే యూదుల ప్రార్థనాలయంలో. గోడలనిండా పేర్లు! నాజీలు పొట్టనబెట్టుకున్న దాదాపు 80 వేలమందివి. ఒకే ఇంటిపేరు కింద వరసగా అయిదారు పేర్లు చదివేసరికి కాలు ముందుకు సాగలేదు.

వియన్నా రాజభవనాల గురించి మీరు చదివే ఉంటారు. అక్కడి యూదుల చౌకులో 2000లో వెలసిన కాంక్రీటు గ్రంథాలయమొకటి ఉంది. పుస్తకాల వెన్నులు లోపలికి తిరిగి ఉంటాయి. తలుపులకు పిడులు లేవు. హతులైన 65 వేలమంది ఆస్ట్రియా యూదులకు అది స్మారకం.

ఇక బుడాపెస్టు. పార్లమెంటుకు కొద్ది దూరంలో, డాన్యూబ్ గట్టున 60 జతల ఇనుప బూట్లు. 1944–45 చలికాలంలో హంగరీ ఫాసిస్టులు యూదులను అక్కడ నిలబెట్టి, బూట్లు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. బూట్లకు ధర పలుకుతుంది గదా! 2005లో ఈ స్మారకం పెట్టారు. మగవారివి, ఆడవారివి, పసివాళ్ళవి కూడా ఉన్నాయి. మన ఇళ్ళలో గుమ్మం ముందు చెప్పులుంటే లోపల చుట్టాలున్నారని అర్థం. ఆ అలవాటు చొప్పున నా కళ్ళు తలుపు కోసం వెతికాయి. ఎదురుగా నీళ్ళు.

ఇంటికి ఫోటో పంపితే అమ్మ, "ఎవరివిరా ఆ బూట్లు?" అని అడిగింది. ఫోను చేసి చెప్పాను.