కల్లు మానితే ఫిట్స్ ఎందుకొచ్చాయి?

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో తెలంగాణలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరస కట్టారు. చేతుల వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్. లేని మనుషులతో మాట్లాడేవాళ్ళు మరికొందరు. వాళ్ళ ఒళ్ళు అలవాటుపడింది కల్లు ఒక్కదానికే కాదు, అందులో కలిపే అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులకు కూడా.

ఇవన్నీ మెదడును మందగింపజేసేవే. కానీ ప్రమాదం అన్నిటికీ ఒకటి కాదు. మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలకు పగ్గం వేస్తుంది. అల్ప్రాజోలం, డయాజెపాం ఆ పగ్గాన్ని బిగిస్తాయంతే, గాబా లేకుండా పనిచేయవు. పాతకాలపు బార్బిచురేట్లు మోతాదు పెరిగితే గాబాతో పనిలేకుండానే ఊపిరి ఆపేస్తాయి. అందుకే 1960లో అల్ప్రాజోలం జాతికే చెందిన లిబ్రియం, 1963లో వేలియం (డయాజెపామే) వచ్చాక డాక్టర్లు క్రమంగా బార్బిచురేట్లను వదిలేశారు.

అయితే అల్ప్రాజోలం లాంటి ఈ నిద్రబిళ్ళల క్షేమం విడిగా వేసుకున్నప్పటి మాటే. పెదకూరపాడులో మిరపకోత ముగించుకొచ్చిన ఒక మనిషి నడుంనొప్పికి ట్రమడాల్ మింగి, ఆపైన మందు తాగి, నిద్ర కోసం అల్ప్రాజోలం కూడా వేసుకున్నాడనుకుందాం. ట్రమడాల్ నల్లమందు జాతిది. మూడూ కలిస్తే ఊపిరి తగ్గిపోతుంది. గురక వింటూ ఇంట్లోవాళ్ళు "పాపం, అలిసిపోయాడు, పడుకోనివ్వండి" అంటారు. పిలిచినా గిల్లినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పెదాలు నీలం తిరిగితే అది నిద్ర కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. నల్లమందు జాతికి నాలోక్సోన్ అనే విరుగుడుంది. మద్యానికి అలాంటిది లేదు. అల్ప్రాజోలానికి ఫ్లూమజెనిల్ ఉన్నా, అలవాటుపడ్డవాళ్ళకు అదే ఫిట్స్ తెప్పించగలదు.

ఎర్రగడ్డలో కనిపించింది దీనికి రెండోవైపు: అలవాటైన మందు ఒక్కసారిగా ఆగిపోవడం. రక్తంలో అల్ప్రాజోలం సగానికి పడిపోవడానికి దాదాపు 11 గంటలు చాలు. డయాజెపాంకు ఒకటి రెండు రోజులు పడుతుంది. తొందరగా దిగేది ఆగితే ఒళ్ళు అంత తొందరగానూ అల్లాడుతుంది. నన్ను కలవరపెట్టేదేమిటంటే, తాము మానేసింది ఏమిటో ఆ కల్లు తాగినవాళ్ళకే తెలియదు. షాపులో కొన్న బిళ్ళకైతే అట్టమీద ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదు. కల్లుసీసా మీద ఏ హెచ్చరికా ఉండదు.

ఏళ్ళ తరబడి ఈ బిళ్ళలు వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానకూడదు. డాక్టర్లు చాలాసార్లు నెమ్మదిగా దిగే డయాజెపాంకు మార్చి, వారాలూ నెలలూ పట్టినా మోతాదును కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.