సీసాలో సముద్రం – మా హాస్టల్ ప్రయోగం

మా ఆస్పరికి సముద్రం చాలా దూరం. మాలో చాలామందిమి ఇంతవరకూ సముద్రాన్ని చూడలేదు. రైలును మాత్రం రోజూ చూస్తాం. గుంతకల్లు నుండి ఆదోని మీదుగా రాయచూరు పోయే లైను మా ఊరి పక్కనే ఉంది. ఆ పట్టాల వెంబడి ఒకవైపు పోతే చెన్నై, ఇంకోవైపు పోతే ముంబై వస్తాయని, రెండుచోట్లా సముద్రమే ఉందని సాంఘికశాస్త్రం సార్ చెప్పారు. మాకు సముద్రంతో ఉన్న సంబంధం అంతే.

అలాంటి మేము తరగతిలో పగడపు దిబ్బల బొమ్మ చూశాం. నీలం నీళ్లలో ఎర్రవి, పసుపువి, ఊదావి, చెట్లలాగా, విసనకర్రల్లాగా ఉన్నాయి. పగడం అంటే అంతవరకు మాకు తెలిసింది అవ్వల మెడలో నల్లపూసల నడుమ ఉండే ఎర్రపూస ఒక్కటే. మాలో ఒకడు లేచి, "సార్, దీన్ని మన హాస్టల్లో ఒక సీసాలో పెంచవచ్చా?" అని అడిగాడు. అందరం నవ్వాం. సార్ మాత్రం నవ్వలేదు. "పెంచవచ్చునో లేదో మీరే కనుక్కోండి" అన్నారు. మేము కనుక్కున్నదీ, చేసినదీ, చేసి చెడగొట్టుకున్నదీ ఈ వార్షికోత్సవ సంచికలో తోటి విద్యార్థులకు తెలియజేస్తున్నాం.

పగడం అంటే ఏమిటి?

పగడం రాయి కాదు, చెట్టు కూడా కాదు. అది జంతువు. పాలిప్ అనే చిన్న మెత్తని జీవి నీటిలోని కాల్షియంను తీసుకుని తన చుట్టూ సున్నపురాతి గూడు కట్టుకుంటుంది. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి వేల ఏళ్లు గూళ్లు కట్టుకుంటూ పోతే అది పగడపు దిబ్బ అవుతుంది. ఆస్ట్రేలియా పక్కన ఉన్న గ్రేట్ బారియర్ రీఫ్ పొడవు 2,300 కిలోమీటర్లు. సముద్రపు అడుగులో పగడపు దిబ్బలు ఉన్న చోటు ఒక్క శాతం కూడా లేదు. అయినా సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు వాటిని ఆశ్రయించుకుని బతుకుతున్నాయి. మన దేశంలో ముఖ్యంగా అండమాన్ నికోబార్, లక్షద్వీప్, కచ్ సింధుశాఖ, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతాలలో ఇవి ఉన్నాయి.

పాలిప్ ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండను పట్టి ఆహారం తయారుచేసి పాలిప్‌కు పెడుతుంది. పాలిప్ నాచుకు నీడ ఇస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో చాలా భాగం ఈ నాచు పెట్టేదే. పగడాల రంగులు కూడా చాలావరకు ఆ నాచు వల్లనే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కన్నా సముద్రపు నీరు ఒక్క డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే నిలిస్తే చాలు, పాలిప్ ఆ నాచును బయటికి పంపేస్తుంది. అప్పుడు పగడం తెల్లగా పాలిపోతుంది.

ఇది మాకు వెంటనే అర్థమైంది. వానలు లేని ఏడు మా పడమటి మండలాల ఊళ్ల నుండి జనం మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస పోతారు. ఇళ్లు ఉంటాయి, తాళాలు ఉంటాయి, మనుషులు ఉండరు. తెల్లబడిన పగడం కూడా అలాంటిదే. అది ఇంకా చచ్చిపోలేదు. నీళ్లు తొందరగా చల్లబడితే నాచు తిరిగి రావచ్చు. ఆలస్యమైతే గూడు మాత్రం మిగులుతుంది. ప్రపంచమంతటా ఇలా పగడాలు తెల్లబడడం 1998లో, 2010లో, 2014-17 నడుమ జరిగింది. 2023లో మొదలైనది నాలుగోసారి.

జాడీలో పగడాలు పెంచిన మొదటివారు

సీసాలో పగడాలు అన్న ఆలోచన మాకన్నా ముందు ఇంకొకరికి వచ్చింది. 1846లో అన్నా థిన్ అనే ఆమె ఇంగ్లండులో టార్కే అనే సముద్రతీరం నుండి కొన్ని పగడపు జీవులను రాతి జాడీలో పెట్టుకుని లండనుకు తెచ్చింది. అప్పటికి గాలి పంపులు, కరెంటు దీపాలు లేవు. నీళ్లలో గాలి కలవాలి కనుక రోజూ అరగంట నుండి ముప్పావుగంట దాకా కిటికీ దగ్గర ఆ నీళ్లను ఒక పాత్ర నుండి ఇంకో పాత్రలోకి ఎత్తి పోయించేది. పోసింది వాళ్ల ఇంటి పనిమనిషి. అంటే మొదటి గాలి పంపు ఒక పనిమనిషి చేతులే! మరుసటి ఏడు అన్నా థిన్ ఆ నీళ్లలో సముద్రపు నాచు కూడా వేసింది.

1850 ప్రాంతంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త మంచినీళ్లతో ఇంకో ప్రయోగం చేశాడు. ఒక పాత్రలో రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్క పెట్టాడు. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీళ్లు మురిగాయి. అప్పుడు చెరువు నత్తలను వేశాడు. నత్తలు కుళ్లిన ఆకులను తిన్నాయి, నీళ్లు తేటపడ్డాయి. చేప, మొక్క, నత్త ఒకదానికొకటి సాయంగా ఉంటే నీళ్లు చెడవని ఆయన చూపించాడు.

మనం పగడాలు ఎందుకు పెట్టకూడదు?

ఇప్పుడు విదేశాల్లో నాలుగు లీటర్ల జాడీలో కూడా పగడాలు పెంచేవారు ఉన్నారు. లీటరు నీటికి 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు, గాలి పంపు, ప్రత్యేకమైన దీపం, వారం వారం నీళ్లు మార్చడం కావాలి. మేము మూడు కారణాల వల్ల ఆ పని మానుకున్నాం.

మొదటిది చట్టం. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రం నుండి ఒక్క ముక్క తెచ్చినా నేరమే.

రెండవది వేడి. పగడాలకు 23 నుండి 29 డిగ్రీల నీళ్లు కావాలి. మా దగ్గర ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. బిందెడు నీళ్లూ, గ్లాసెడు నీళ్లూ ఎండలో పెట్టండి, గ్లాసు నీళ్లే ముందు వేడెక్కుతాయి. జాడీ ఎంత చిన్నదైతే ప్రమాదం అంత తొందరగా వస్తుంది.

మూడవది ఆవిరి. నీళ్లు ఆవిరైపోతాయి కానీ ఉప్పు పోదు. నాలుగు లీటర్లలో 140 గ్రాముల ఉప్పు ఉందనుకుందాం. ఒక లీటరు ఆవిరైతే మిగిలిన మూడు లీటర్లలో అదే 140 గ్రాములు ఉంటుంది. అంటే లీటరుకు 35 గ్రాములు కాస్తా దాదాపు 47 అవుతుంది. పగడం తట్టుకోలేదు.

అందుకని వారింగ్టన్ దారి పట్టాం. మన నీళ్లతో, మన చుట్టూ దొరికేవాటితో జాడీ కట్టాం.

కావలసిన వస్తువులు

1. ఎనిమిది లీటర్లు పట్టే వెడల్పు మూతి గాజు జాడీ. మేము అంగడిలో బిస్కెట్లు పోసే పాత జాడీ అడిగి తెచ్చుకున్నాం.
2. వంక ఇసుక, రెండు వేళ్ల మందాన పరవడానికి సరిపడా.
3. హైడ్రిల్లా మొక్కలు. కుంటల్లో, కాలువల్లో దొరుకుతుంది. మనవాళ్లు నాచు అనే అంటారు.
4. చిన్న నత్తలు నాలుగు.
5. అరచేతి మందం నాపరాయి ముక్క.
6. రెండు గంబూసియా చేపలు. దోమల నివారణకు బావుల్లో వదిలే చేపలు ఇవే.

చేసే విధానం

ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సబ్బు తగలకూడదు. జాడీలో పరిచి నాపరాయి ముక్క పెట్టాలి. కొళాయి నీళ్లను ఒక బకెట్‌లో పట్టి ఒకరోజు మూత లేకుండా ఎండలో ఉంచి, చల్లారిన తర్వాత పోయాలి. ఇసుక చెదరకుండా ఒక గిన్నె పెట్టి దాని మీద పోస్తే మంచిది. జాడీ పైన మూడు వేళ్లు ఖాళీ ఉంచాలి. మొక్కలు నాటి, వెలుతురు వచ్చి నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టాలి. రెండు వారాల తర్వాత నత్తలు, అయిదారు వారాల తర్వాత చేపలు వేయాలి. ఇంత ఆలస్యం ఎందుకో కింద చెబుతాం, ఎందుకంటే మేము ఆలస్యం చేయలేదు.

మా మొదటి జాడీ

ఆగస్టులో మొదటి జాడీ కట్టాం. తొందర ఎక్కువై కొళాయి నీళ్లు అప్పటికప్పుడే పోశాం. ఆ రోజే పన్నెండు చేపలు వేశాం. ఆకలిగా ఉంటాయని ఒకరికి తెలియకుండా ఒకరం అన్నం మెతుకులు వేశాం. మూడో రోజు తెల్లవారి చూస్తే నీళ్లు పాలలా ఉన్నాయి, వాసన వచ్చింది. పన్నెండూ పైకి తేలాయి. ఆ పూట మాలో ఎవరం సరిగా తినలేదు.

సార్ కోప్పడలేదు. కారణాలు రాయమన్నారు. ఆలోచించి మూడు రాశాం. ఒకటి, నీళ్లలో బ్లీచింగ్ పౌడరు ఉంది. మనకు అది రక్షణ, చేప మొప్పలకు విషం. రెండు, చేపల మలం, కుళ్లిన అన్నం వల్ల అమ్మోనియా పుట్టింది. అదీ విషమే. దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఇసుకలో పెరగడానికి అయిదారు వారాలు పడుతుంది. ఈ సూక్ష్మజీవుల పనిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. మన చేలో యూరియా చల్లినప్పుడు మట్టిలో జరిగేది కూడా ఇదే పని. చివరికి వచ్చే నైట్రేటును మొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. మూడు, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. పన్నెండు చేపలకు తెల్లవారుజామున ఊపిరి చాలలేదు.

సెప్టెంబరులో రెండో జాడీ కట్టాం. పైన చెప్పిన పద్ధతి అదే. ఇప్పటికీ బాగుంది. చేపలకు అన్నం వేయం. తొట్టిలో దొరికే దోమ లార్వాలు నాలుగు వేస్తే చాలు. వేయడానికి వంతులు రాసి గోడకు అంటించాం.

నత్తలు పెద్దవయ్యాయి. వాటి చిప్ప కూడా పగడపు గూడు లాగానే కాల్షియం కార్బొనేటు. నాపరాయీ అదే. దాన్ని గీకిన పొడి మీద నిమ్మరసం పిండితే సన్నని బుడగలు వస్తాయి, చూడండి. బేతంచెర్ల నాపరాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున ఏర్పడిందట. సముద్రం చూడలేదని బాధపడ్డ మేము ఇన్నాళ్లూ సముద్రపు అడుగు మీదనే చాపలు పరుచుకుని పడుకుంటున్నాం!

అవ్వ అడిగిన ప్రశ్న

జాడీని చూసి మా వంట అవ్వ, "తాగనీకె నీళ్లు లేక జనం సస్తాంటే చేపలకు నీళ్లేందప్పా?" అంది. మాకు జవాబు రాలేదు. ఆమె మాట తప్పు కాదు. బిందెల వరుసలో నిలబడి పెరిగినవాళ్లం మేము. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ సీమంతా ఎట్లా భయపడిందో గుర్తుంది.

అందుకని లెక్క వేశాం. జాడీకి వారానికి రెండు లీటర్లు మారుస్తాం. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తాం, దానికి అవి ఎరువు నీళ్లు. తర్వాత మేమే సరిగా కట్టేయని ఒక కొళాయి కింద గ్లాసు పెట్టి చూశాం. పది నిమిషాల్లో 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండింది. అంటే గంటకు 1.2 లీటర్లు, రోజుకు దాదాపు 29 లీటర్లు, వారానికి 200 లీటర్ల పైన. ఒక్క కొళాయి ఒక్క వారం కారితే పోయే నీళ్లు మా జాడీకి నూరు వారాలు వస్తాయి. ఆ రోజు నుండి పడుకునే ముందు కొళాయిలన్నీ చూసి రావడం కూడా వంతుల కాగితంలో చేరింది. లెక్క చెబితే అవ్వ, "అట్లయితే సరే" అంది.

జాగ్రత్తలు

గంబూసియా అమెరికా చేప. 1928లో మన దేశానికి తెచ్చారు. వంకల్లో, చెరువుల్లో వదిలితే మన చేపల గుడ్లను, పిల్లలను తినేస్తుంది. జాడీ వద్దనుకుంటే ఎక్కడినుండి తెచ్చారో అక్కడికే చేర్చండి. బంగారు చేపను ఇలాంటి జాడీలో పెట్టకండి, అది పెద్దదవుతుంది, చోటు చాలదు. చేపలు దొరకకపోతే నత్తలు, మొక్కలతోనైనా జాడీ బాగుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే కొన్ని నీళ్లు మార్చండి.

మిత్రులారా! ఎనిమిది లీటర్ల నీళ్లను సరిగా ఉంచడానికి మేము ఇంతమందిమి, ఇన్ని నెలలు కష్టపడ్డాం. ఒక్క పిడికెడు అన్నం ఎక్కువైతే అది చెడిపోతుందని కళ్లారా చూశాం. సముద్రం పెద్దది కనుక ఆలస్యంగా చెడుతుంది, అంతే తేడా. ఊరి కుంట ఈ రెంటికీ నడుమ ఉంటుంది.

ఏప్రిల్‌లో హాస్టల్ మూస్తారు. జాడీని ఎవరు చూసుకుంటారని మేము తగువు పడుతుంటే వంట అవ్వ వచ్చి, "మా ఇంట్లో పెట్టుకుంటా తే" అంది. వంతుల కాగితం ఆమెకు చదివి వినిపించాం. జూన్‌లో వచ్చే కొత్త తమ్ముళ్లు ఆమె దగ్గర నుండి తెచ్చుకుని జాగ్రత్తగా కొనసాగిస్తారని కోరుకుంటున్నాం.