ఎర్రనీటి ఊపిరి: గౌతమీ ముఖద్వారంలో బొగ్గుపులుసు వాయువు

శ్రావణ భాద్రపదాలలో గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే యానాం చేపల బజారులో పులస కోసం బేరాలు మొదలవుతాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఆ రోజుల్లో అందరి నోటా వినిపిస్తుంది. సముద్రం నుండి పులస ఎదురీదుకుంటూ వచ్చే ఆ నీటిలోనే కంటికి కనబడని మరొక వ్యవహారం కూడా సాగుతూ ఉంటుంది. ఎండాకాలంలో గాలితో సమానానికి దగ్గరగా ఉండే ఆ నీరు, వరద ముమ్మరమైన రోజుల్లో విపరీతంగా కార్బన్ డయాక్సైడును బయటికి వదులుతుంది. దీనినే పూర్వపు పాఠ్యపుస్తకాలలో బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఈ వాయువు ఎక్కడిది? గోదావరి పొడవునా, దాని ఉపనదుల వెంట నివసించే సరిహద్దు గ్రామాల వారికి దానితో ఏమి సంబంధం? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలుసుకుందాం.

నీటికీ గాలికీ మధ్య లావాదేవీ

గోళీసోడా కొట్టగానే బుసబుసమని బుడగలు పైకి వస్తాయి. సీసాలోని నీటిలో ఒత్తిడితో నింపిన కార్బన్ డయాక్సైడు బయటి గాలిలో కంటే ఎక్కువగా ఉండడమే దీనికి కారణం. ఎక్కువ ఉన్న చోటు నుండి తక్కువ ఉన్న చోటుకు వాయువు పోతుంది. సముద్రానికీ, నదికీ, చెరువుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. నీటిలో ఆ వాయువు పీడనం గాలిలో కంటే తక్కువైతే నీరు దానిని పీల్చుకుంటుంది, ఎక్కువైతే వదులుతుంది. చల్లని నీరు ఎక్కువ వాయువును ఇముడ్చుకోగలదు, వెచ్చని నీటికి ఆ శక్తి తక్కువ. గాలి బలంగా వీచి అలలు లేచినప్పుడు ఈ మార్పిడి వేగంగా జరుగుతుంది.

రొయ్యల చెరువు ఉన్నవారికి ఈ సంగతి అనుభవంలో తెలిసినదే. పగలు నీటిలోని సూక్ష్మమైన నాచు ఎండ సాయంతో కార్బన్ డయాక్సైడును తీసుకుని ఆహారం తయారు చేసుకుంటుంది. అందువలన మధ్యాహ్నానికి చెరువులో పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఎండ ఉండదు. నాచు, రొయ్యలు, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ ప్రాణవాయువును వాడుకుని కార్బన్ డయాక్సైడును విడుస్తాయి. తెల్లవారేసరికి పీహెచ్ పడిపోతుంది, ప్రాణవాయువు చాలక రొయ్యలు పైకి తేలుతాయి. రైతు ఏరేటర్లు తిప్పేది ఈ గండం గడవడానికే. నదీ ముఖద్వారంలో జరిగేది కూడా ఇటువంటిదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున జరుగుతుంది.

గౌతమిలో కొలిచిన లెక్కలు

జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన విశాఖపట్నం కేంద్రంలోని వి.వి.ఎస్.ఎస్. శర్మ, ఆయన సహచరులు గౌతమీ గోదావరి ముఖద్వారంలో 18 నెలల పాటు నీటిని పరీక్షించి 2011లో ఫలితాలను ప్రకటించారు. వర్షాలు లేని కాలంలో నీటిలోని కార్బన్ డయాక్సైడు పీడనం 500 మైక్రో అట్మాస్ఫియర్లకు లోపే ఉన్నది. ఆ కాలంలో గాలిలోని పీడనం సుమారు 390. కాగా వరద ముమ్మరంగా ఉన్న రోజుల్లో నీటిలోని పీడనం దాదాపు 30,000కు చేరింది. అనగా గాలిలో ఉన్నదానికి సుమారు 75 రెట్లు. పొడి కాలంలో 7.8కి పైగా ఉండే పీహెచ్ వరదలో 1.5 మేరకు తగ్గింది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కనుక, ఈ తగ్గుదల అంటే ఆమ్లత్వం సుమారు 30 రెట్లు పెరగడమే. అంతటి పీడనం అప్పటి వరకు ఏ జలాశయంలోనూ కనబడలేదని, ఇటువంటి ముఖద్వారాలు పొగగొట్టాల వలె పనిచేస్తున్నాయని ఆ శాస్త్రజ్ఞులు పేర్కొన్నారు.

ఇంత వాయువు ఒక్కసారిగా ఎలా పుట్టింది? గోదావరి మంచు కరిగి పారే నది కాదు, వానల మీద ఆధారపడిన నది. ఏడాది నీటిలో అధికభాగం నాలుగైదు నెలల్లోనే వస్తుంది. మిగిలిన కాలమంతా ధవళేశ్వరం దగ్గర నీరు కాలువలకు మళ్లుతుంది, సముద్రానికి పోయేది స్వల్పం. తొలి వరదతో పాటు రాలిన ఆకులు, పొలాల మట్టి, ఎరువు, ఊళ్ల మురుగు అన్నీ కలిసి దిగివస్తాయి. నీరు ఎర్రబడడంతో ఎండ లోపలికి దిగదు, కాబట్టి నాచు పెరగదు. తీసుకునేవారు లేరు, విడిచేవారే ఉన్నారు. బాక్టీరియా ఆ చెత్తను తిని కుళ్లబెడుతూ కార్బన్ డయాక్సైడును విడుస్తుంది. ఆ వాయువే గాలిలోకి లేస్తుంది.

ఎవరి మట్టి, ఎవరి ఊపిరి

ఇక్కడే సరిహద్దు గ్రామాల ప్రస్తావన వస్తుంది. మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరిలో సిరోంచ దగ్గర ప్రాణహిత కలుస్తుంది. ఒడిశాలోని మల్కనగిరి జిల్లా మోటు దగ్గర సీలేరు శబరిలో కలుస్తుంది, ఆ శబరి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. ఈ మూడు చోట్లా తెలుగు మాట వినిపిస్తుంది. సిరోంచలో కోసుకుపోయిన చేను గట్టు, మోటు దగ్గర కొండవాలు నుండి జారిన ఆకు, రాజమండ్రి మురుగు కొంతైనా చివరికి యానాం ముందు నుండి సముద్రానికి పోతాయి. రాష్ట్రాల హద్దులు కాగితం మీద ఉంటాయి గాని నదికి అవి పట్టవు.

నది ఏది తెస్తే తీరం అలాగే ప్రవర్తిస్తుందని 2012లో వెలువడిన మరొక అధ్యయనం తెలిపింది. వరద కాలంలో మన తూర్పు తీరమంతటా నీటిని పరీక్షించగా, గంగానది నీరు చేరే బంగాళాఖాతపు వాయవ్య తీరంలో కార్బన్ డయాక్సైడు గాలితో సమానంగానో, తక్కువగానో ఉన్నది. దక్షిణాపథపు నదులు కలిసే నైరుతి తీరంలో గాలిలో కంటే ఎక్కువగా ఉన్నది. ఒకే సముద్రం ఒకచోట పీల్చుకుంటుంటే మరొకచోట వదులుతున్నది.

లెక్క ఎందుకు ముఖ్యం

మనుషులు ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. అయినా యంత్రయుగానికి ముందు పది లక్షల వంతులలో 280గా ఉన్న దీని పరిమాణం 2024 నాటికి 420 దాటింది. సముద్రం చేసే ఈ ఉపకారం ఉచితంగా జరగడం లేదు. నీటిలో కరిగిన వాయువు ఆమ్లంగా మారుతుంది. నిమ్మరసంలో కోడిగుడ్డు పెంకు వేస్తే బుడగలు వచ్చి కరిగిపోవడం ఇంట్లో చూడవచ్చు. సముద్రపు నీరు నిమ్మరసమంత పుల్లగా ఎన్నడూ కాదు. కాని పీహెచ్ కొద్దిగా తగ్గినా ఆలిచిప్పలకు, నత్తగుల్లలకు పెంకు కట్టుకోవడం కష్టమవుతుంది. తీరంలో ఈ భారం రెండు వైపుల నుండి పడుతుంది: పై నుండి గాలి, పక్క నుండి నది.

ఇందులో గోదావరిని నిందించవలసినది లేదు. ఆకు కుళ్లడం, వాయువు గాలిలో కలవడం, తిరిగి చెట్టు దానిని తీసుకోవడం ప్రకృతిలో ఎప్పుడూ ఉన్న చక్రమే. అయితే పైన చెట్టు నాటి పుణ్యం రాసుకుని, కింద మట్టి కొట్టుకుపోయి వాయువుగా మారిన సంగతి రాయకపోతే ఆ పద్దు తప్పుల పద్దు అవుతుంది. తీరాన్ని వాయువును పీల్చుకునే చోటుగా మాత్రమే లెక్కవేస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లు.

చేయగలిగినవి మన చేతిలోనే కొన్ని ఉన్నాయి. చేను గట్టు నిలబెట్టి గడ్డి పెంచితే మట్టి పొలంలోనే ఉంటుంది. అవసరానికి మించి ఎరువు వేయకపోతే ఖర్చూ తగ్గుతుంది, నదికి భారమూ తగ్గుతుంది. ఊరి మురుగును శుద్ధి చేయకుండా కాలువలో కలపరాదని పంచాయతీలో అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉన్నది. కోరింగ మడ అడవుల బురదలో ఏళ్ల తరబడి చేరిన కార్బన్ నిలువ ఉన్నది. మడను నరికి బురదను తవ్వితే ఆ నిలువ మళ్లీ గాలిలో కలుస్తుంది. రొయ్యల చెరువు నీటిని నేరుగా పాయలోకి వదలకుండా కొన్నాళ్లు మరొక చెరువులో తేరనిచ్చి వదలడం కూడా మేలు.

యానాం జాలరి వలలో పడే చేప ఆరోగ్యం సిరోంచ రైతు గట్టు మీద కొంత ఆధారపడి ఉన్నది. ఎగువన ఉన్నవారికి దిగువన ఉన్నవారు కనబడరు, కాని ఎగువవారు వదిలిన నీరే దిగువవారి వాకిటికి చేరుతుంది.