హవాయి భాషయందలి ధ్వనులు

మన తెలుఁగు అజంతభాష యని మనము గర్వించుచుందుము. పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న హవాయి దీవుల ప్రాచీనభాషయు నట్టిదే. అందలి పదము లన్నియు నచ్చుతోనే ముగియును, సంయుక్తాక్షరములు లేనేలేవు.

ఈ భాషకు హల్లులు 8 మాత్రమే. ప, క, హ, మ, న, ల, వ అను నేడును, కంఠమును క్షణకాలము మూసి విడుచుటచేఁ బుట్టు ధ్వని యొకటియు. శ్రోతలు 'అ' యని పలికి, ఊపిరి నించుక బిగఁబట్టి, మరల 'అ' యనినచో నాధ్వని తెలియును. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అను నైదును, వాని దీర్ఘములును. పరభాషాపదము లీ కొలఁది వర్ణములలో నిముడవలయును గనుక, 'మెరీ క్రిస్మస్' అచట 'మెలే కలికిమక' యైనది.

ఈ భాష న్యూజీలండు మావోరీకి సోదరి. మనుష్యుని మావోరీలు 'తంగత' యందురు. హవాయివారు 'కనక' యందురు. తకారము కకారమైనది. పూర్వపుఁ గకారము కంఠధ్వనిగా మాఱినది. మావోరీల 'ఇక' యను చేఁపను హవాయివారు 'ఇ-అ' యని నడుమఁ గంఠమును మూసి పలుకుదురు.

అయినను నీహౌ అను చిన్నదీవిలోఁ దకారము నేఁటికిని వినఁబడుచున్నది. 1864లో నొక కుటుంబము దానిని కొనినది మొదలు బయటివారి రాకపోకలు తగ్గి, పాత పలుకుబడి నిలిచినది.

1820లో వచ్చిన క్రైస్తవబోధకులు లిపి కూర్చునపుడు త, క లలో దేనిని వ్రాయుట యని సందేహించి, 1826లో ఓటు వేసి కకారమును గ్రహించిరి. కంఠధ్వనికి మాత్రము నియతమైన గుర్తు నుంచలేదు. దానివలనఁ గలిగిన చిక్కు చూడుఁడు. 'పఉ' యనఁగా ముగిసినది. నడుమఁ గంఠమును మూసినచో మసి. ఆపై కడపటి యచ్చును సాఁగదీసినచో తడిసినది. రెండచ్చులను సాఁగదీసినచో స్త్రీలు కట్టు వస్త్రము. అచ్చున నీ నాలుగును నొక్కటిగానే యుండెడివి.

భాష నోట నున్నంతకాల మిది బాధింపలేదు. కాని 1893లో రాణిని పదభ్రష్టను గావించిన పిమ్మట, 1896లో బడుల బోధన ఇంగ్లీషుననే జరుగవలయునని శాసనమైనది. నీహౌలోఁ దప్ప పిల్లలు మాతృభాషను మఱచుచు వచ్చిరి. 1978లో నది తిరిగి అధికారభాషయయ్యెను. 1984లో 'పూనన లేయో', అనఁగా భాషాగూడు, అను శిశుపాఠశాలలు వెలసెను. పుస్తకముల మూలమున భాష నేర్చువారికై యిపుడు కంఠధ్వనికిని దీర్ఘమునకును గుర్తులు వేయుచున్నారు. వ్రాఁతలో లేని ధ్వని, పలుకువారు పోయిననాఁడు వారితోనే పోవును గదా!