మరుభూమిలో మరుగుజ్జు సంసారము

కొట్టుగదిలో నెలుక కనబడిన చాలును, మనము చీపురందుకొందుము. ఆ యెలుకకు దూరపు చుట్టమైన యొక చిన్న జీవి సంసారమును గూర్చి యీ మాసము ముచ్చటింప దలచితిమి. దీనిని మరుగుజ్జు హాంస్టరందురు.

మంగోలియా, ఉత్తర చైనా, కజకస్తానము, దక్షిణ సైబీరియాలలోని యిసుకనేలలును, ఎండుగడ్డి బయళ్లును వీని నివాసములు. అచ్చట వాన స్వల్పము, చలి ఘోరము. ఇవి పగలు బొరియలో నిదురించి, రాత్రివేళ గింజలేరి, బుగ్గలలోని సంచులనిండ నింపుకొని యింటికి జేర్చును. అరికాళ్లకుగూడ బొచ్చుండును. వీనిలో మూడు తెగలు గలవు. రోబొరోవ్‌స్కీ తెగ యన్నిటికంటె చిన్నది. దాని తూకము సుమారు 20 గ్రాములు. జుంగార్ తెగ శీతకాలమున పగటిపొద్దు తగ్గినకొలది బూడిదవన్నె విడిచి తెల్లబొచ్చు దాల్చును. మూడవదగు కాంప్‌బెల్ తెగను 1905లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ అను నాంగ్లేయ శాస్త్రజ్ఞుడు వర్ణించెను.

ఈ మూడవ తెగ గృహధర్మమే మమ్ము నాశ్చర్యపరచినది. ఆడుది సుమారు 18 దినములు మోసి ప్రసవించును. అప్పుడు మగది తొలగిపోదు. పిల్ల వెలువడునపుడు చేయూతనిచ్చి, పైపొరను తీసివేసి, నాకి శుభ్రపరచి, ముక్కుపుటములు తెరచి యూపిరి యాడునట్లు చేయును. ఈ సంగతిని కెనడా దేశపు పరిశోధకులు 2000 సంవత్సరమున ప్రకటించిరి. కన్నులు తెరవని, బొచ్చు మొలవని పసికూనలను, తల్లి లేని వేళ తండ్రి పొదివికొని వెచ్చగ నుంచును. పరిశోధనాలయమున తండ్రిని వేరుచేసి చూడగా, బ్రతికిన పిల్లల సంఖ్య తగ్గెను. జుంగార్ తెగలోనో, తల్లి యొక్కతెయే పెంచుకొనగలదు. కావున నన్నిటికి నొకటే ధర్మమని చెప్పరాదు.

మా తొలికానుపునాడు మావారు మా పుట్టింటి వీథియరుగుమీద రాత్రియంతయు పచారుచేసిరి. లోపల అమ్మయు, పెత్తల్లియు, మంత్రసానియు నుండగా మావారికి పనిలేకపోయెను. రెండవ కానుపు పరాయియూర జరిగినది, అమ్మ రాలేకపోయెను. అప్పుడు మావారే నీళ్లు కాచిరి. బిడ్డను భుజమున వేసికొని మరునాటి పాఠము చదువుకొనిరి. ఇరుగుపొరుగులు నవ్విరి. మేము మాత్రము హాయిగ నిదురించితిమి.

పుట్టింటి యండ దూరమైన సంసారములు నేడెన్నియో గలవు. అట్టి యింట బాలింత ఘడియసేపు కన్నుమూయుటకై భర్త బిడ్డ నెత్తుకొనిన, నది పౌరుషమునకు కొరతగాదు. గుప్పెడైన లేని యా యెడారిప్రాణి సిగ్గుపడుట లేదు గదా!